పేరు చెప్పని బిళ్ళ

కాలరక్క చేతి నొప్పి కుడి బొటనవేలి మొదట్లో పుట్టింది. చొక్కా కాలరును తిరగేసి, రెండు మూలల్నీ లోపలి నుంచి బొటనవేలితో పొడిచి, మొన తేలాక మిషను మీద పైకుట్టు వేయడం ఆమె పని. గంటకు అరవై కాలర్లు. రెడీమేడ్ బట్టల కంపెనీలో, మూడో లైనులో పదకొండేళ్ళుగా ఆమె చేస్తున్నది అదొక్కటే కాబట్టి, అసలు పేరు హాజరు పట్టీలోనే ఉండిపోయి మనిషి కాలరక్క అయిపోయింది.

నొప్పి బొటనవేలి నుంచి మణికట్టుకూ, అక్కణ్ణుంచి భుజానికీ పాకింది. పొద్దున్నే తల దువ్వుకుందామంటే చెయ్యి పైకి లేచేది కాదు. లైనులో ఒకరి చెయ్యి ఆగితే వెనక నలుగురి చేతులు ఆగుతాయి. మూడో లైను సూపర్‌వైజరుకు మనిషి కనబడితే "ఎన్ని పీసులు?" అనడం తప్ప వేరే పలకరింపు తెలియదు. అందుకని ఆడవాళ్ళు ఆయనకు పీసుల సారు అని పేరు పెట్టుకున్నారు. ఒకరోజు ఆయన కాలరక్క పక్కన నిలబడి గడియారం చూశాడు.

"ఏంటమ్మా, ఈ గంటలో నలభై కూడా దాటలేదు?"

"చెయ్యి నొప్పి సార్. మొన పొడవలేకపోతున్నా."

"మరి కింద గది ఉన్నదెందుకు? వెళ్ళి బిళ్ళ వేసుకుని రా. అందరూ వేసుకోవట్లేదూ?"

కింద గదంటే మెట్ల పక్కనున్న ప్రథమ చికిత్స గది. ఒక ఇనప మంచం, బరువు చూసుకునే మిషను, అద్దాల బీరువా. అక్కడ తెల్లకోటు తొడుక్కుని కూర్చునేది కాలరక్క సొంత తోడికోడలే, మరిది భార్య. నర్సింగు చదివి ఇంట్లో ఖాళీగా ఉంటే, కంపెనీలో మనిషి కావాలంటున్నారని చెప్పి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చేర్పించింది కూడా కాలరక్కే. కంపెనీ అంతా ఆమెను సిస్టరని పిలుస్తుంది. "మీకందరికీ ఆవిడ ఉత్త సిస్టరు. నాకు మాత్రం వంటగదిలో సగం రాయించుకున్న సిస్టరు" అని కాలరక్క లైనులో నవ్వించేది.

సిస్టరు బీరువాలో పెద్ద డబ్బా తీసి, ఆరు చిన్న తెల్లబిళ్ళలు లెక్కపెట్టి కాగితం కవర్లో వేసి ఇచ్చింది.

"పొద్దున పూట రెండు చొప్పున అక్కా. ఏమైనా తిని వేసుకో."

"ఏం బిళ్ళలే ఇవి? కవరు మీద పేరు రాయలేదేం?"

"నొప్పి బిళ్ళలే. పేరు రాయొద్దని డాక్టరుగారు చెప్పారు. తెలిస్తే బయట కొనుక్కుని ఇష్టమొచ్చినట్టు మింగుతారంట."

ఆ డాక్టరు వచ్చేది బుధవారాల్లోనే. రెండు గంటలు కూర్చుంటాడు, ఎవరినీ తలెత్తి చూడడు. డబ్బాలు ఆయన కారులోనే వస్తాయి.

మర్నాటికి నొప్పి తగ్గడం కాదు, అసలు లేకుండా పోయింది. కాలరక్క చెయ్యి ఎత్తి తల దువ్వుకుంది, జడ కూడా వేసుకుంది. ఆకలి దంచేసింది. ఆ రోజు గంటకు డెబ్భై రెండు కాలర్లు దాటాయి. పీసుల సారు ఆమెకేసి చూసి నవ్వాడు, పదకొండేళ్ళలో మొదటిసారి. మూడు రోజుల బిళ్ళలు అయిపోయిన మర్నాడే నొప్పి తిరిగొచ్చింది. ఆమె మళ్ళీ కింద గదికి వెళ్ళింది. మూడు రోజులు ముప్పై రోజులయ్యాయి. చూస్తుండగానే పధ్నాలుగు నెలలయ్యాయి.

నాలుగో నెలలో మొహం గుండ్రంగా తిరిగింది. బుగ్గలు ఉబ్బి కళ్ళు చిన్నవయ్యాయి. "అత్తారిల్లు ఒంటబట్టడానికి పద్దెనిమిదేళ్ళు పట్టిందేమే నీకు?" అంది ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేసే పెద్దావిడ. ఆమెను అందరూ ఇస్త్రీ పిన్ని అంటారు. పిన్ని మొహం కూడా పళ్ళెంలాగే ఉంది. నడుం నొప్పికని ఆమె రెండేళ్ళుగా అవే బిళ్ళలు వేసుకుంటోంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని పడిపడి నవ్వుకున్నారు.

నవ్వులు ఎన్నాళ్ళో సాగలేదు. పొట్ట పెరిగింది గాని కాళ్ళూ చేతులూ పుల్లల్లా అయ్యాయి. మెడ వెనక కండ మూటలా లేచి, జాకెట్టు పట్టడం మానేసింది. మిషను అంచు తగిలినా చాలు, చెయ్యి కమిలి నల్లబడేది. పొట్ట మీద వంకాయ రంగు చారలు పడ్డాయి. బట్టలుతకడానికి కింద కూర్చుంటే గోడ పట్టుకోకుండా లేవలేకపోయేది. నిద్ర పట్టేది కాదు.

వీటన్నిటికంటే ఆమెను భయపెట్టింది కోపం. అది ఎక్కణ్ణుంచి వచ్చేదో తెలిసేది కాదు. స్కూలు రిపోర్టు మీద సంతకం పెట్టమని కూతురు రెండోసారి అడిగినందుకు చేతిలో ఉన్న కంచం విసిరేసింది. అది పిల్ల చెవి పక్కనుంచి వెళ్ళి గోడకు తగిలింది. పిల్ల ఏడవలేదు, గది మూల నిలబడి తల్లిని కొత్తమనిషిని చూసినట్టు చూసింది. ఆ చూపు తలుచుకుని కాలరక్క రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. లారీ డ్రైవరైన మొగుడు వారానికోసారి ఇంటికొచ్చి, "టార్గెట్లు కొడుతున్నావని తలకెక్కిందే నీకు" అనేవాడు. సిస్టరు అదే ఇంట్లో ఉండి అన్నీ చూసింది. చూసి, అక్క అరిచినప్పుడల్లా లేచి తన గదిలోకి వెళ్ళిపోయేది.

ఒక బుధవారం పొద్దున కంపెనీలో హడావిడి మొదలైంది. చొక్కాలు కొనే పెద్ద కంపెనీవాళ్ళు పై వారం తనిఖీకి వస్తున్నారట. గోడలకు రంగులు వేశారు, దారుల్లో పసుపు గీతలు గీశారు. డాక్టరు ఆ రోజు పది నిమిషాలే ఉన్నాడు. డబ్బాలన్నీ కారులో పెట్టించుకుని, "రెండు వారాలు ఎవరికీ ఏమీ లేదు. అడిగితే స్టాకు రాలేదని చెప్పు" అని సిస్టరుకు చెప్పి వెళ్ళిపోయాడు.

గురువారం పొద్దున కాలరక్కకు బిళ్ళ లేదు. శుక్రవారం ఒళ్ళంతా నీరసం. శనివారం తిన్నది తిన్నట్టు బయటికొచ్చింది. లైనులో ఎవరో "ఏంటక్కా, విశేషమా ఏంటి?" అన్నారు. ఆదివారం మంచం దిగలేదు. సోమవారం ఒళ్ళు కాలిపోతోంది, అయినా తనిఖీ వారంలో సెలవు పెడితే ఊరుకోరని వెళ్ళింది. పదకొండు గంటలకు లేచి నిలబడింది. కళ్ళు చీకట్లు కమ్మాయి. కాలర్ల కట్ట మీద పడి అక్కణ్ణుంచి నేలమీదికి జారిపోయింది.

"నటన చాలు, లేవమ్మా" అన్నాడు పీసుల సారు మొదట. చెయ్యి పట్టుకుని లేపబోయి, చల్లగా చెమటలు పట్టి ఉన్న ఆ చెయ్యి తగలగానే వదిలేశాడు.

పెద్దాసుపత్రి అత్యవసర విభాగంలో ఆమెతో పాటు ఉన్నది సిస్టరు ఒక్కతే. అక్కడి డాక్టరు ఒక అమ్మాయి. ముప్పై ఏళ్ళుంటాయి, రెండు పూటలుగా ఇంటికి వెళ్ళలేదని మొహమే చెబుతోంది. బీపీ అందడం లేదు. రక్తంలో చక్కెర పడిపోయింది, ఉప్పు పడిపోయింది. సెలైను ఎక్కుతూనే ఉంది, బీపీ మాత్రం లేవడం లేదు.

"ఈమె ఏమైనా మందులు వాడుతోందా?"

"తెలియదండీ" అంది సిస్టరు.

డాక్టరమ్మ కాలరక్క మొహం చూసింది. మెడ వెనక తడిమి చూసింది. చీర కాస్త పక్కకు తప్పించి పొట్ట మీది చారలు చూసింది. చేతి మీది కమిలిన మచ్చలు చూసింది. తర్వాత పక్కన నిలబడ్డ మనిషి తెల్లకోటు చూసింది.

"మీరు నర్సు కదా?"

సిస్టరు తలూపింది.

"అయితే నేనెందుకు అడుగుతున్నానో మీకు అర్థమై ఉండాలి. స్టెరాయిడ్ వాడుతోందా? ఏది? ఎన్నాళ్ళ నుంచి?"

తనిఖీ, ఉద్యోగం, డాక్టరు, పేపర్లో తన పేరు, అన్నీ ఒక్కసారి సిస్టరు కళ్ళముందు తిరిగాయి.

"నీ నోట్లో ఉన్న మాట ఖరీదు ఈమె ప్రాణం. చెప్తావా, చెప్పవా?" డాక్టరమ్మ అరుపుకు వార్డంతా ఇటు తిరిగింది.

"డెక్సామెథసోన్" అంది సిస్టరు. "రోజూ. పధ్నాలుగు నెలలుగా. గురువారం నుంచి లేదు."

డాక్టరమ్మ అప్పటికే ఇంజెక్షను కోసం చెయ్యి చాపింది. హైడ్రోకార్టిసోన్ నరంలోకి ఎక్కించిన గంటకు బీపీ లేచింది. సాయంత్రానికి కాలరక్క కళ్ళు తెరిచి, మంచినీళ్ళు అడిగింది.

మర్నాడు రౌండ్లలో డాక్టరమ్మ ఆమె మంచం అంచున కూర్చుని మొత్తం చెప్పింది.

"మన రెండు కిడ్నీల మీదా టోపీ పెట్టినట్టు చెరో చిన్న గ్రంథి ఉంటుందమ్మా. రోజూ ఒక హార్మోను వదులుతుంది. బీపీ నిలబడాలన్నా, చక్కెర పడిపోకుండా ఉండాలన్నా, జ్వరమొస్తే ఒళ్ళు తట్టుకోవాలన్నా అదే ఆధారం. నువ్వు మింగిన బిళ్ళ దానికి నకలు. నకలంటే ఉత్తుత్తిది కాదు, అసలుదాని కంటే ఎన్నోరెట్లు గట్టిది. మీ ఇంట్లో నీళ్ళ మోటారుందా?"

"ఉంది."

"రోజూ ట్యాంకరొచ్చి తొట్టి నింపి పోతుంటే మోటారు వేస్తావా?"

"ఎందుకేస్తాను?"

"పధ్నాలుగు నెలలు వెయ్యకపోతే?"

"తుప్పు పట్టి బిగుసుకుపోతుంది."

"అదే జరిగింది. గ్రంథికి పైనుంచి, మెదడు అడుగునుంచి రోజూ ఆర్డరు రావాలి. బయటినుంచి సరుకొస్తోందని పైవాళ్ళు ఆర్డరివ్వడం మానేశారు. కిందిది ముడుచుకుపోయింది. బుధవారం ట్యాంకరు ఆపేశారు. మోటారు తిరగలేదు. పైగా జ్వరం. మామూలు మనిషికి ఆ హార్మోను జ్వరంలో రెండుమూడింతలు కావాలి. నీకు చుక్క లేదు."

"మరి ఈ మొహం, ఈ పొట్ట?"

"అవీ దానివే. ఒంట్లో కొవ్వును తెచ్చి మొహానికీ, మెడకీ, పొట్టకీ చేరుస్తుంది. కండ కరిగిస్తుంది, అందుకే కింద కూర్చుంటే లేవలేకపోయావు. చర్మం పల్చనవుతుంది, ఎముక గుల్లవుతుంది, చక్కెర పెరుగుతుంది. నిద్ర పట్టదు. చిరాకు, కోపం వస్తాయి."

కాలరక్క ఉలిక్కిపడింది. "కోపం కూడానా?"

"కొందరికి బాగా వస్తుంది."

ఆమె మొహం గోడవైపు తిప్పుకుంది. గోడకు తగిలిన కంచం మోత మళ్ళీ వినిపించింది. కాసేపటికి అడిగింది. "అంత పాడు మందును అమ్మనిస్తారెందుకు?"

"పాడు మందు కాదమ్మా. నిన్న నీ ప్రాణం నిలబెట్టింది దాని తోబుట్టువే. ఊపిరాడని వాళ్ళకీ, కీళ్ళు వాచి మంచం పట్టినవాళ్ళకీ నేనే రాస్తాను. పేరు చెప్పి రాస్తాను, రక్తపరీక్షలు చేస్తూ రాస్తాను, మెల్లగా ఎలా తగ్గించాలో కాగితం మీద పెట్టి ఇస్తాను. చెయ్యి నొప్పెడితే ఇంకో ఇరవై కాలర్లు కుట్టించడానికి రాయను." ఆమె లేచింది. "ఇంకో సంగతి. ఈ రకం మందు నువ్వు ఇప్పుడప్పుడే మానకూడదు. నెలల తరబడి, కొంచెం కొంచెం తగ్గించుకుంటూ రావాలి. మోటారు మళ్ళీ తిరిగేదాకా."

"అంటే నన్ను పడగొట్టినదాన్నే రోజూ పొద్దున్నే మింగాలా?"

"తప్పదు."

డాక్టరమ్మ వెళ్ళాక కాలరక్క పక్కనే స్టూలు మీద కూర్చున్న తోడికోడలి వైపు తిరిగింది.

"నీకు తెలుసా?"

సిస్టరు కళ్ళు దించుకుంది. "తెలుసక్కా."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ. నెలల తరబడి ఇవ్వకూడదని చదువుకున్నాం. ఒక్కసారిగా ఆపకూడదనీ చదువుకున్నాం. ఒకసారి డాక్టరుగారిని అడిగాను. 'నువ్వు నర్సువా, డాక్టరువా?' అన్నాడు. మళ్ళీ అడగలేదు."

"ఆయన్ని అడగలేదు సరే. నాకు చెప్పడానికి నీకేం అడ్డమొచ్చింది? ఒకే పొయ్యి మీద వండుకుంటున్నాం. నా మొహం రోజురోజుకీ ఉబ్బుతుంటే ఎదురుగా కూర్చుని ముద్ద ఎలా దిగిందే నీకు? పిల్ల మీదికి కంచం విసిరిన రోజు, నేను పిచ్చిదాన్నయిపోతున్నానని ఏడ్చిన రోజు, లోపలికి వెళ్ళి తలుపేసుకున్నావే! ఒక్క మాట. 'అక్కా, అది నీ తప్పు కాదు, బిళ్ళది' అని ఒక్క మాట అనలేకపోయావా?"

"ఉద్యోగం పోతుందని..."

"నేను పెట్టించిన ఉద్యోగం!"

చుట్టుపక్కల మంచాల మీదివాళ్ళు తలలు తిప్పారు. సిస్టరు ఏడ్చింది. కాలరక్కకు జాలి కలగలేదు. చేతికి సెలైను సూది లేకపోతే చెంప పగలగొట్టేదే. ఆయాసంతో దిండుకు చేరగిలబడింది. అప్పుడు ఒక ఆలోచన తట్టి మళ్ళీ లేచి కూర్చుంది.

"ఎంతమందికి ఇచ్చావు ఇవి?"

"నలభై మూడు మందికి."

"బుధవారం అందరికీ ఆపేశావా?"

సిస్టరు ఏడుపు ఆగిపోయింది. ఆ సంగతి అంతవరకూ ఆమెకూ తట్టలేదు, లేదా తట్టనివ్వలేదు.

"లే! ఇక్కడ కూర్చుని ముక్కు చీదడం కాదు. ఎవరెవరికి ఇచ్చావో రాసుకున్నావా?"

"నా సొంత పుస్తకంలో ఉంది. కంపెనీ పుస్తకంలో లేదు."

"వెళ్ళి తీసుకురా. డాక్టరమ్మ దగ్గర చీటీ రాయించుకో. షిఫ్టు వదిలే టైముకు గేటు దగ్గర నిలబడు. ఒక్కొక్కళ్ళనీ ఆపి చెప్పు. పేరుతో సహా చెప్పు. ఒక్కళ్ళు కూడా తప్పిపోవడానికి వీల్లేదు."

"సెక్యూరిటీవాళ్ళు గెంటేస్తారు అక్కా."

"గెంటనీ. లేచి మళ్ళీ చెప్పు."

ఆ సాయంత్రం నాలుగున్నరకు సిస్టరు తెల్లకోటు విప్పేసి, చేత పుస్తకం పట్టుకుని కంపెనీ గేటు బయట నిలబడింది. మూడో లైను ఆడవాళ్ళు బయటికి రావడం చూసి, పుస్తకం తెరిచి పేర్లు పిలవడం మొదలుపెట్టింది. "నేనిచ్చింది స్టెరాయిడ్. డెక్సామెథసోన్. చెప్పకుండా ఇచ్చాను. ఒక్కసారిగా ఆపేశాను. నీరసం, వాంతులు, కళ్ళు తిరగడం ఉంటే ఇప్పుడే నాతో పెద్దాసుపత్రికి రండి. ఏమీ లేకపోయినా రేపు పొద్దున్నే రండి." కొందరికి అర్థం కాలేదు. అర్థమైన ఒకామె చెప్పు తీసింది. ఇంకొకామె ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. గేటు కాపలావాళ్ళు వచ్చి సిస్టరును రోడ్డవతలికి ఈడ్చేశారు. ఆమె రోడ్డవతల నిలబడి అవే మాటలు మళ్ళీ మొదలుపెట్టింది.

ఆ పూట పదకొండు మంది ఆసుపత్రికి వచ్చారు. ఇస్త్రీ పిన్ని పనికే రాలేదని తెలిసి సిస్టరు ఆటోలో ఆమె ఇంటికి వెళ్ళింది. ఆమె మూడు రోజులుగా మంచం మీదే ఉంది. కడుపులో ఏదీ నిలవడం లేదు. వాంతి చేసుకుంటూ వంగినప్పుడు వెన్నులో ఏదో పటుక్కుమందట, అప్పట్నుంచి కూర్చోలేకపోతోంది. ఎక్స్‌రేలో చూస్తే వెన్నెముకలో ఒక పూస నలిగి ఉంది. రెండేళ్ళు వేసుకున్న బిళ్ళ ఎముకను లోపల్నుంచి తినేసింది.

ఆరో రోజు కాలరక్కను ఇంటికి పంపారు. మొగుడు లారీ పని వదిలేసి వచ్చాడు. "పోనీలే, ప్రాణం దక్కింది. పెద్దవాళ్ళతో మనకెందుకు" అన్నాడు.

"పెద్దవాళ్ళెవరు? నా ఒంటికంటే పెద్దవాళ్ళా?" అందామె.

కంపెనీ నుంచి కబురొచ్చింది, వచ్చి మేనేజరుగారిని కలవమని. వెళ్ళేసరికి మేనేజరు గదిలో బుధవారం డాక్టరు, పీసుల సారు కూర్చుని ఉన్నారు. సిస్టరు గోడ పక్కన నిలబడి ఉంది. బల్ల మీద టైపు చేసిన కాగితం ఒకటి ఉంది.

"నీకు జరిగినదానికి చాలా బాధగా ఉందమ్మా" అన్నాడు మేనేజరు. "మేం విచారించాం. ఈ నర్సు ఎవరికీ చెప్పకుండా, సొంతంగా బయటినుంచి తెచ్చి పంచింది. నువ్వు సాక్షిగా ఇక్కడో సంతకం పెడితే ఆమె మీద చర్య తీసుకుంటాం. నీ పని ఎక్కడికీ పోదు."

కాలరక్క తోడికోడలి వైపు చూసింది. ఆసుపత్రిలో పట్టిన కసి ఒక్క రవ్వ కూడా తగ్గలేదు. సంతకం పెడితే ఆ కసి తీరుతుంది. సిస్టరు బతిమాలలేదు.

"డబ్బాలు ఎవరి కారులో వచ్చాయి?" అంది కాలరక్క.

మేనేజరు కాగితాన్ని ఇంకాస్త ఆమె ముందుకు జరిపాడు.

"ఈమె తప్పు ఈమెకుంది. దాన్ని నేను ఇంట్లో తేల్చుకుంటాను, అంత తేలిగ్గా వదలను. కానీ సార్, నెలకు ఇన్ని వేల బిళ్ళలు ఈమె ఏ చెట్టునుంచి కోసుకొచ్చింది? నన్ను కిందికి వెళ్ళి బిళ్ళ వేసుకు రమ్మన్నది ఈయన." పీసుల సారు బల్లకేసి చూశాడు. "డబ్బాలు తెచ్చింది ఈ డాక్టరుగారు. తనిఖీ వస్తోందని పట్టుకుపోయిందీ ఈయనే. ఆపితే మేం పడిపోతామని నర్సుకు తెలిసినప్పుడు, డాక్టరుకు తెలియదా?"

డాక్టరు మొదటిసారి తలెత్తాడు. ఆమెతో కాదు, మేనేజరుతో అన్నాడు. "స్టెరాయిడ్ వాడినవాళ్ళకు చిరాకు, కోపం, అనుమానం మామూలేనండీ. ఇంకా ఒంట్లో మందుంది కదా. ఇప్పుడు మాట్లాడేది ఆమె కాదు. నాలుగు నెలలు పోతే తనే చల్లబడుతుంది."

కాలరక్క రెండు చేతులూ బల్లకు ఆనించి, తొడల్లో బలం లేక వణుకుతూ, మెల్లగా లేచి నిలబడింది.

"డాక్టరుగారూ, ఇటు చూడండి. పధ్నాలుగు నెలల్లో ఒక్కసారి చూడలేదు, ఇప్పుడు చూడండి. నా బిడ్డ మీదికి కంచం విసిరానే, అది మీ మందు కోపం. ఎందుకొచ్చేదో నాకే తెలిసేది కాదు. ఎవరి మీద పడితే వాళ్ళ మీద పడేది. ఇప్పుడు ఎందుకొచ్చిందో తెలుసు, ఎవరి మీదో తెలుసు. ఇది నా సొంత కోపం. దీనికి మీ దగ్గర బిళ్ళ లేదు."

కాగితాన్ని ముట్టుకోకుండానే బయటికి నడిచింది. తలుపు దగ్గర ఆగి, "రా" అంది వెనక్కి చూడకుండా. సిస్టరు వెంట వచ్చింది.

కార్మిక శాఖ ఆఫీసులో ఇద్దరూ కలిసే ఫిర్యాదు రాయించారు. సిస్టరు తన పుస్తకం అప్పగించి, తన పేరు కూడా నిందితుల్లో రాయమంది. ముప్పై ఎనిమిది మంది ఆడవాళ్ళు వేలిముద్రలో సంతకాలో పెట్టారు. ఐదుగురు భయపడి పెట్టలేదు. సిస్టరు ఉద్యోగం ఆ వారంలోనే పోయింది. పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ మంగళవారాలు వీళ్ళకోసం ఒక గంట విడిగా పెట్టింది. ఎవరికి ఎంత, ఎప్పుడు తగ్గించాలో, జ్వరమొస్తే ఎంత పెంచాలో ఒక్కొక్కరికీ కార్డు రాసిచ్చింది. కంపెనీ తెలిసీ తెలియనట్టు ఊరుకుంది. విచారణ ఐదుసార్లు వాయిదా పడింది. ఆరోసారి ఆ డాక్టరును కంపెనీ నుంచి తప్పించారు. అంతే. లైసెన్సు సంగతి వేరే వాళ్ళు చూడాలట, ఆ ఫైలు వేరే బల్ల మీద ఉందట.

కాలరక్క గ్రంథి మేలుకోవడానికి తొమ్మిది నెలలు పట్టింది. మొదట్లో డోసు తగ్గించిన ప్రతిసారీ ఒళ్ళంతా రుబ్బినట్టుండేది. పొద్దున్నే కళ్ళనీళ్ళు పెట్టుకుని, తిట్టుకుంటూ బిళ్ళ మింగేది. తర్వాత మెల్లగా మొహం దిగింది, మెడ వెనక మూట కరిగింది. ఒకరోజు బట్టలుతికి గోడ పట్టుకోకుండా లేచి నిలబడింది. అక్కడే ఉన్న కూతురు చప్పట్లు కొట్టింది. కాలరక్క దగ్గరికి పిలిచి, కంచం సంగతి మొత్తం ఆ పిల్లకు చెప్పింది. "అమ్మ తప్పు కాదని చెప్పడం లేదు. ఎలా జరిగిందో చెప్తున్నాను" అంది. పిల్ల కాసేపు ఆలోచించి, "చెవి పక్కనుంచి పోయింది కదా, పర్లేదు" అంది. ఇద్దరూ నవ్వారు, ఏడ్చారు.

బొటనవేలి నొప్పి మాత్రం అలాగే ఉంది. అది బిళ్ళతో పోయేది కాదనీ, పని మార్చాలనీ డాక్టరమ్మ చెప్పింది. ముప్పై ఎనిమిది సంతకాలు చూసి కంపెనీ ఆమెను తీసేసే ధైర్యం చేయలేదు; ఇప్పుడామె అక్కడే గుండీలు సరిచూసే బల్ల దగ్గర కూర్చుంటోంది. ఇస్త్రీ పిన్ని మళ్ళీ పనికి రాలేదు. నడుముకు పట్టీ కట్టుకుని ఇంట్లోనే ఉంటోంది, రెండంగుళాలు పొట్టిదాన్నయ్యానని తనమీద తనే జోకులేసుకుంటోంది. ఆ జోకులకు కాలరక్క నవ్వలేకపోతోంది.

తోడికోడళ్ళు ఇద్దరూ ఒకే పొయ్యి మీద వండుకుంటున్నారు. అవసరమైన మాటలే మాట్లాడుకుంటారు. క్షమించానని కాలరక్క అనలేదు, సిస్టరు అడగలేదు.

మొన్న వేసవిలో, రెండు వీధుల అవతల ఉన్న చెప్పుల కంపెనీకి కొత్త డాక్టరొచ్చాడని, శుక్రవారాల్లో వస్తాడని, ఆయనిచ్చే బిళ్ళ వేసుకుంటే నడుం నొప్పి చేత్తో తీసేసినట్టు పోతుందని మంగళవారం ఆసుపత్రి వరసలో, కాలరక్కా సిస్టరూ వింటుండగా, ఎవరో అన్నారు. కారు రంగు చెప్పమంది కాలరక్క. బుధవారం డాక్టరు కారు రంగే చెప్పారు.

శుక్రవారం ఆమె మధ్యాహ్నం నుంచి సెలవు పెట్టింది. ఇంటికొచ్చేసరికి సిస్టరు చెప్పులు తొడుక్కుని గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో పెద్దాసుపత్రి చీటీల కట్టతో. ఒకళ్ళనొకళ్ళు పిలుచుకోలేదు. దారిపొడుగునా మాట్లాడుకోలేదు. చెప్పుల కంపెనీ గేటు ముందు, కాపలావాళ్ళ కంటబడేలా, చెరో పక్కనా నిలబడి షిఫ్టు గంట కోసం ఎదురుచూశారు.